రాగి పలకను తూచే ముందు

కాపర్ సల్ఫేట్ ద్రావణంలో రెండు రాగి పలకలు ముంచి, కరెంటు పంపి, కేథోడ్ ఎంత బరువెక్కిందో, ఆనోడ్ ఎంత తరిగిందో తూచడం కాలేజీ ల్యాబుల్లో మామూలు ప్రయోగమే. బ్యాటరీ ఎలిమినేటర్ ఇచ్చేది కొద్ది వోల్టులే కాబట్టి విద్యార్థులు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. నిజానికి ఇక్కడ కరెంటు కన్నా, పలకల్ని శుభ్రం చేసి ఆరబెట్టే ఆ కాసేపే ఎక్కువ ప్రమాదం.

చేయవలసినవి

కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకున్నాకే కాపర్ సల్ఫేట్ సీసా మూత తీయండి. రైతులు బోర్డో మిశ్రమంలో వాడే మైలుతుత్తమే కదా అని చులకన వద్దు. కంట్లో పడితే తీవ్రమైన హాని చేస్తుంది, కడుపులోకి పోతే విషం. ద్రావణానికి సల్ఫ్యూరిక్ ఆమ్లం చేర్చాల్సి వస్తే, నీళ్లలోకి ఆమ్లాన్ని కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. ఆమ్లంలోకి నీళ్లు పోస్తే అది ఉడికి మీద చిందుతుంది.

స్విచ్ వేయకముందే లెక్క కట్టుకోండి. అర ఆంపియర్ కరెంటు 30 నిమిషాలు, అంటే 1,800 సెకన్లు పారితే 900 కూలుంబులు. దాన్ని 96,485తో భాగిస్తే ఎలక్ట్రాన్లు సుమారు 0.00933 మోల్. ఒక్కో రాగి అయానుకు రెండు ఎలక్ట్రాన్లు కావాలి కనుక అందులో సగం తీసుకుని 63.55తో గుణించండి. 0.296 గ్రాము వస్తుంది. కేథోడ్ అంత పెరగాలి, ఆనోడ్ అంత తగ్గాలి. అరగంటకు ఇంతేనా అని కరెంటు పెంచేవాళ్లుంటారు. మరీ పెంచితే రాగి గట్టిగా అంటుకోక పొడిగా రాలుతుంది, కేథోడ్ దగ్గర మండే స్వభావమున్న హైడ్రోజన్ కూడా పుట్టవచ్చు. రెండు విలువలూ కాస్త తేడాగా వస్తే నేనైతే కేథోడ్‌నే నమ్ముతాను. ఆనోడ్ నుంచి మలినాలూ రాలుతుంటాయి.

సప్లై ఆపాకే పలకలు బయటికి తీయండి. అంచులు పట్టుకుని డిస్టిల్డ్ వాటర్‌తో మెల్లగా కడిగి, ఎసిటోన్‌తో తడిపి, గాలి ఆడేచోట ఆరనివ్వండి.

చేయకూడనివి

నైట్రిక్ ఆమ్లంతో తోమిన పలకను నేరుగా ఎసిటోన్‌లో ముంచవద్దు. ఈ రెండూ కలిస్తే పేలుడు దాకా పోవచ్చు. వాటి వ్యర్థాలను కూడా ఒకే సీసాలో పోయకూడదు. రాగి మీద నైట్రిక్ ఆమ్లం పడగానే లేచే గోధుమరంగు పొగ విషవాయువు, కాబట్టి ఆ పని ఫ్యూమ్ హుడ్‌లోనే. అసలు సన్నని ఎమరీ కాగితం ఉండగా ఆ ఆమ్లం జోలికి పోవడం దేనికి?

ఆరడం ఆలస్యమవుతోందని పలకను బర్నర్ మీద పెట్టవద్దు. ఎసిటోన్ ఆవిరి క్షణంలో అంటుకుంటుంది. పైగా వేడికి రాగి నల్లబడి ఆక్సైడ్ అవుతుంది. అప్పుడు ఆక్సిజన్‌ని కూడా రాగి కిందే తూచినట్టు.

కరెంటు పారుతుండగా పలకల్ని ఒకదానికొకటి తగలనివ్వకండి. ఇంట్లో చేసి చూద్దామని ప్లగ్ నుంచి నేరుగా వైర్లు లాగడం ప్రాణాంతకం. కార్బన్ కడ్డీలతో ఉప్పునీటి మీద ప్రయత్నిస్తే క్లోరిన్ వస్తుంది. తలుపులు మూసిన గదిలో అస్సలు వద్దు.

వాడిన నీలి ద్రావణాన్ని సింకులో పారబోయకండి, రాగి చేపలకు విషం. పేరు రాసిన వ్యర్థాల సీసాలో పోసి ల్యాబు సిబ్బందికి అప్పగించండి. కంట్లో చుక్క పడితే మాత్రం కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.