చేయబోయే పనికి బేరం

హైదరాబాద్ పాతబస్తీలో మదీనా నుంచి గుల్జార్ హౌజ్ దాకా రోడ్డుకు రెండు వైపులా ఒకే తీరుగా సాగే రాతి కమానుల కింద పెళ్లి చీరలు, షేర్వానీలు, అత్తర్లు, ముత్యాల హారాలు పొద్దుగూకేదాకా అమ్ముడవుతూనే ఉంటాయి. అదే పత్తర్‌గట్టి. 1908 మూసీ వరద నగరాన్ని ముంచెత్తాక, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఊరిని చక్కదిద్దే పనుల్లో భాగంగా కట్టించిన బజారు. అక్కడికి బయల్దేరే వాళ్లకు ఇంట్లో పెద్దవాళ్లు తప్పకుండా చెప్పే మాట ఒకటుంది: చెప్పిన ధరలో సగానికి అడుగు. ఆ మాటలో తప్పేమీ లేదు. ఐదు వేలు చెప్పిన చీరను మూడు వేలకు ఇచ్చినా అది అదే చీర. అంచు కురచ కాదు, రంగు వెలిసిపోదు. తగ్గితే దుకాణదారు లాభం తగ్గుతుంది, అంతే.

అదే అలవాటుతో ఇంటి పెరట్లో చిన్న తోట వేయించడానికి బేరమాడితే మాత్రం దెబ్బ తింటాం. చీర కళ్ల ముందు ఉంది. తోట ఇంకా లేదు. లేని వస్తువు ధర తగ్గించమని పట్టుబడితే ధరతో పాటు ఆ వస్తువూ తగ్గుతుంది. అరడుగు మట్టి పోయాల్సిన చోట నాలుగంగుళాలు పడుతుంది. మూడడుగుల మొక్క బదులు అడుగున్నర మొక్క వస్తుంది. నలుగురు కూలీలు చేయాల్సిన పని ఇద్దరి నడుముల మీద పడుతుంది. ఇవేవీ బేరం కుదిరిన రోజున కనిపించవు.

పత్తర్‌గట్టి వెనక సందుల్లో ఉంటాడు మా మేనమామ. ముత్యాల దుకాణంలో లెక్కలు రాస్తాడు. ఇంటి వెనక ఇరవై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు పెరడు. దక్షిణాన పక్కింటివాళ్ల గోడ. కింద పగిలిన షాబాద్ బండలు, వానొస్తే మోరీ దాకా పోని నీళ్లు. తోట వేసే ఇద్దరు కాంట్రాక్టర్లను పిలిపించి చూపించాడు. ఒకాయన ఎనభై అయిదు వేలన్నాడు, ఇంకొకాయన యాభై. ఇద్దరూ "మొత్తం కలిపి సార్" అనేశారు. "ఎనభై అయిదు వేలంటే మోసమే గదా అల్లుడా?" అని మామ నన్ను అడిగాడు.

ఆ అంకెను చూసి అవునని గానీ కాదని గానీ ఎవరూ చెప్పలేరు. మొత్తం మీద చెప్పిన ధరకు న్యాయం, అన్యాయం ఉండవు. విడగొట్టాకే అవి బయటపడతాయి. అందుకని ఇద్దరినీ ఒకే మాట అడగమన్నాను: ఇందులో ఏమేం ఉన్నాయో కాగితం మీద రాసివ్వండి.

యాభై వేలాయన కాగితం మూడు వరుసల్లో అయిపోయింది. మట్టి, గడ్డి, మొక్కలు. పాత బండలు తీస్తారా అని అడిగితే వాటి మీదే మట్టి పోస్తానన్నాడు. ఆ ఒక్క జవాబుతో ఆ ధర సంగతి తేలిపోయింది. పాతబస్తీలోని పాత ఇళ్లు చాలావరకు రాయి, డంగు సున్నంతో కట్టినవి. బండల మీద మట్టి ఎత్తితే పెరడు ఇంటి గచ్చు కన్నా పైకొస్తుంది, తడి గోడలోకి ఎక్కుతుంది, కింద నీళ్లు పోయే దారి లేక వేళ్లు కుళ్లుతాయి. నాలుగు వానలకు తోట పోతుంది, గోడ చెమ్మ మిగులుతుంది.

ఎనభై అయిదు వేలాయన లెక్క ఇలా ఉంది. బండలు పెకలించి చెత్త బయటికి మోయడానికి తొమ్మిది వేలు, మట్టీ ఎరువూ మోతతో కలిపి ఇరవై నాలుగు, వాలు తీసి నీళ్ల పైపు వేయడానికి ఎనిమిది, సగం పెరట్లో గడ్డికి ఆరు, మొక్కలకు ఇరవై, తన పర్యవేక్షణకూ రెండు నెలల పోషణకూ పద్దెనిమిది.

మామ వేలు మట్టి దగ్గరే ఆగింది. "రెండు ట్రాక్టర్ల మట్టికి ఇరవై నాలుగు వేలా?" అన్నాడు. మూడు వందల చదరపు అడుగుల పెరట్లో అరడుగు మందాన పోస్తే నూట యాభై ఘనపుటడుగులు, అంటే యూనిట్టున్నర. నీళ్లు పడ్డాక అణుగుతుంది కాబట్టి రెండు యూనిట్లు తెప్పించడం సబబే. బయట కాలనీల్లో అయితే ట్రాక్టర్ వాకిట్లోకి వచ్చి మట్టి దించేసి పోతుంది. ఈ సందులో ఎదురుగా ఆటో వస్తేనే బైకు గోడకు ఆనించి నిలబడాలి. మట్టిని రాత్రి పెద్ద రోడ్డు మీద దించి, తెల్లారేలోగా తట్టలతో లోపలికి మోయాలి. ఆ యూనిట్టున్నర ఒక్కటే ఐదు టన్నుల పైచిలుకు తూగుతుంది. తట్టకు ఇరవై కిలోలు ఎత్తుకున్నా రెండు వందల యాభై తట్టలకు పైనే. ఈ లెక్క వేశాక మామ ఆ ఇరవై నాలుగు వేల జోలికి పోలేదు. అందులో సగం మనుషుల నెత్తి మీద నడిచే ఖర్చని ఆయనకు అర్థమైంది.

న్యాయమైన ధర అంటే తక్కువ ధర అనుకునే వాళ్లు ఇక్కడే పొరబడతారు. కాంట్రాక్టరు దగ్గర మనం కోసే వెయ్యి రూపాయలను అతను తన లాభంలోంచి తీస్తాడని నమ్మకం లేదు. మొదట కోత పడేది మన కంట పడని చోట, మనతో మాట్లాడని మనిషి కూలి మీద. మంచి వ్యక్తిత్వం అలవర్చుకోవాలని పుస్తకాలు చదివే మనం దీన్ని గట్టిగా పట్టించుకోవాలి. ఎదుట కూర్చున్న వాడితో మర్యాదగా ఉండటం పెద్ద కష్టమేం కాదు. కనపడని మనిషి కూలికి కూడా మన లెక్కలో చోటు ఉందా అన్నదే అసలు పరీక్ష.

అలాగని చెప్పినదంతా ఇవ్వాలనీ కాదు. గడ్డి దగ్గర నేను ఆగాను. లాన్ గడ్డికి రోజుకు కనీసం నాలుగైదు గంటల ఎండ కావాలి. హైదరాబాద్‌లో డిసెంబరు మధ్యాహ్నం ఇరవై అడుగుల గోడ నీడ పదిహేడు అడుగుల దాకా సాగుతుంది. ఆ పక్కింటి గోడ అంత ఎత్తే. అంటే చలికాలంలో ఈ పెరడంతా నీడే. "ఇక్కడ గడ్డి ఎన్నాళ్లుంటది అన్నా?" అని మామ అడిగాడు. అతను కాసేపు గోడ వంక చూసి, "సంక్రాంతి దాకా ఉండదు సార్. మీరు లాన్ కావాలన్నరు, అందుకే రాసిన" అన్నాడు.

నిజమే, లాన్ అడిగింది మామే. అతను అబద్ధం చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు. చాలా ధరల్లో దాగి ఉండేది మోసం కాదు, అడగకుండా వదిలేసిన ప్రశ్న.

గడ్డిని లెక్కలోంచి తీసేశారు. ఆ సగం భాగంలో పాత షాబాద్ బండల్లోంచి పగలనివి ఏరి మళ్లీ పరవాలని అనుకున్నారు. దాంతో మట్టి దాదాపు సగానికి తగ్గింది, బయటికి మోసే చెత్తా తగ్గింది, బండలు పరిచే కూలి నాలుగు వేలు కొత్తగా చేరింది. మొత్తం అరవై ఎనిమిది వేలకు దిగింది. ఎవరి కూలీ కోయలేదు, ఎవరూ గొంతు పెంచలేదు.

ఇలా అడగడానికి మనకు అడ్డొచ్చేది తెలివి లేకపోవడం కాదు, బెరుకు. అడిగితే ఏమీ తెలియనివాడినని అనుకుంటాడేమో, పిసినారి అనుకుంటాడేమో. ఆ బెరుకును దాచుకోవడానికి కొందరు నోరెత్తకుండా ఇచ్చేస్తారు, కొందరు "ఇంత ఎందుకయ్యా?" అని గద్దిస్తారు. గద్దిస్తే ఎదుటివాడు తనను కాపాడుకోవడం మొదలుపెడతాడు. "ఇందులో ఏమేం ఉన్నాయి?" అంటే అదే మనిషి కుర్చీ లాక్కుని కూర్చుని వివరిస్తాడు. పని తెలిసినవాడికి తన పని గురించి చెప్పడం ఇష్టం. చెప్పడానికి ఇష్టపడని వాడిని అక్కడే వదిలేయొచ్చు.

చేతిలో డబ్బు చాలకపోతే ఆ సంగతి దాచడం కూడా అనవసరం. "నా దగ్గర యాభై అయిదే ఉంది, ఇందులో ఏ పని తర్వాత చేద్దాం?" అనొచ్చు. అప్పుడు పని తగ్గుతుంది గానీ నాణ్యత తగ్గదు. ఈ వాక్యం నోటికి రావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. వచ్చాక పెళ్లి వంటల బేరం, ఇంటి రంగులు, పిల్లల ట్యూషన్, అన్నిచోట్లా పనికొచ్చింది.

మొక్కల వరుస కూడా వదలకూడదు. ఉత్త పేరు రాస్తే చాలదు. ఎంత ఎత్తు, ఏ సైజు కవరు అన్నది రాయించాలి. కడియం నర్సరీల నుంచి లారీల్లో వచ్చే ఒకే రకం మొక్క కవరు సైజును బట్టి రెండింతలు, మూడింతలు పలుకుతుంది. మామ ఒక ఆదివారం రెండు నర్సరీలు తిరిగి ధరలు చూసుకొచ్చాడు. కాంట్రాక్టరు ధర వాటికన్నా కొంచెం ఎక్కువే. తెచ్చే ఖర్చు, చనిపోతే మార్చే బాధ్యత అతనివి కాబట్టి ఆ తేడా మామకు ఎక్కువనిపించలేదు. నీడలో నిలిచే ఫెర్న్‌లు, స్నేక్ ప్లాంట్లు, మనీప్లాంట్ ఎంచుకున్నారు. మల్లెకు ఎండ చాలదు, కానీ అత్తమ్మ పట్టు వదల్లేదు కాబట్టి దాన్ని కుండీలో మేడ మీద పెట్టారు.

డబ్బు విడతలుగా రాసుకున్నారు. మట్టీ పైపూ దిగిన రోజున కొంత, మొక్కలు నాటాక కొంత, చివరి పదివేలు నలభై అయిదు రోజుల తర్వాత. పది అడుగులకు అంగుళం పైచిలుకు వాలు ఉందో లేదో బకెట్ నీళ్లు పోసి చూశాకే మట్టి వేయనిచ్చారు. గోడకూ మట్టికీ మధ్య అడుగు ఖాళీ వదిలారు.

నలభై అయిదో రోజుకు రెండు ఫెర్న్‌లు వాడిపోయాయి. అతను కొత్తవి తెచ్చి నాటాడు, మామ పదివేలు లెక్కపెట్టి ఇచ్చాడు, అదే కాగితం మీద ఇద్దరూ సంతకాలు చేశారు.