ప్రశ్నలు - జవాబులు: తెల్లవారుదాక ఆగని బాధలు

ప్రశ్న: మా అన్నయ్యకు యాభై రెండేళ్ళు. చాలాకాలంగా షుగరు ఉంది. మొన్న రాత్రి భోజనమయ్యాక గుండెల్లో మంటా, ఒళ్ళంతా చెమటలూ పట్టాయి. గ్యాసనుకొని సోడా తాగించి పడుకోబెట్టాము. తెల్లవారి ఆస్పత్రికి తీసుకుపోతే గుండెపోటన్నారు. గ్యాసుకూ గుండెపోటుకూ తేడా ఇంట్లోవాళ్ళం ఎలా కనిపెట్టాలి?
— ఒక గృహిణి, తెనాలి

జవాబు: అమ్మా, ఆ భేదమును ఇంటియందు కూర్చుండి నిశ్చయింప పూనుకొనవలదనుటయే నా మొదటి మాట. ఎదనొప్పితో వచ్చువారిని ఏండ్ల తరబడి పరీక్షించుచున్న నేను సైతము, నాడి పట్టి చూచినంతమాత్రమున ఇది అజీర్ణమే యని ధైర్యముగా చెప్పి పంపజాలను. హృదయమునకు రక్తము నందించు ధమనులలో నొకదానియందు రక్తము గడ్డకట్టి, దానిపై నాధారపడిన కండరము ప్రాణవాయువు లేక క్రమక్రమముగా నశించుచుండగా పుట్టు బాధ, ఎదనడుమ బండ పెట్టినట్లుండి, ఎడమ చేతికో దవడకో వీపునకో ప్రాకునని గ్రంథములు చెప్పును. అనేకులయందది యట్లే యుండును. కాని మీ అన్నగారివలె మధుమేహము పాతబడి నాడులు మొద్దువారినవారిలోను, వృద్ధులలోను, పలువురు స్త్రీలలోను నొప్పి యనునది లేకయే, ఊరక ఆయాసము, చల్లని చెమట, పొట్ట పైభాగమున మంట, వాంతి, ఇంతమాత్రమే కన్పట్టవచ్చును. సోడా త్రాగగానే త్రేన్పు వచ్చి కొంత తెరిపి కలిగెనేని అది గుండె క్షేమముగా నున్నదనుటకు సాక్ష్యము కాదు.

కావున బొడ్డు మొదలుకొని దవడవరకు ఎచ్చటనైనను క్రొత్తగా పుట్టిన బాధ పదునైదు నిమిషములకు మించి నిలిచినను, చెమటతోనో ఆయాసముతోనో కూడి వచ్చినను, 108 వాహనమును పిలిచి ఇ.సి.జి. తీయించవలెను. ఆస్పత్రి గడప త్రొక్కిన పది నిమిషములలో ఆ పరీక్ష జరుగవలెనని వైద్యశాస్త్రము విధించుచున్నది. మొదటి ఇ.సి.జి. నిర్దోషముగా నున్నదని చెప్పినంతనే ఇంటికి మరలి రావలదు; దానియందలి మార్పులు ఆలస్యముగా కన్పట్టుట కలదు, గుండెకండరము దెబ్బతిన్నదని తెలుపు ట్రోపోనిన్ రక్తములో నొప్పి మొదలైన కొన్ని గంటలకుగాని హెచ్చదు. రెండవమారు పరీక్షింపుడని అడుగుటకు సంకోచింపకుడు. ఆస్పిరిన్ పడనివారికిని, ఎచ్చటనైన రక్తస్రావ మగుచున్నవారికిని దక్క, తక్కినవారికి వాహనము వచ్చులోపల వైద్యుని సలహాపై 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలించుట మేలు. గడ్డను కరిగించు ఔషధము మొదటి గంటలో నిచ్చినచో దక్కు కండరము ఆరవ గంటలో నిచ్చినచో దక్కదు. పండ్రెండు గంటలు దాటినపిమ్మట దాని ప్రయోజనము మిక్కిలి స్వల్పము. జరిగినదానికి మిమ్ము మీరు నిందించుకొనవలదు. మీ యింట నింకెవ్వరికిని ఆ సోడాసీసా మొదటి చికిత్స కాకుండిన చాలును.

ప్రశ్న: నాకు డెంగీ అన్నారు. నాలుగు రోజుల తర్వాత జ్వరం తగ్గింది గాని ప్లేట్‌లెట్లు డెబ్బై వేలకు పడ్డాయి. బంధువులు ప్లేట్‌లెట్లు ఎక్కించమంటున్నారు. బొప్పాయి ఆకు రసం తాగుతున్నాను. జ్వరం పోయింది కనుక ఇక భయం లేనట్టేనా?
— ఒక ఉద్యోగి, వరంగల్లు

జవాబు: ఈ పంక్తులు మీ చేతి కందునప్పటికి మీ గండము గడచియే యుండును, ఐనను ప్రతి వానకాలమునను ఇదే ప్రశ్న వచ్చుచుండుటచేత తక్కినవారికొరకు విపులముగా చెప్పుచున్నాను. డెంగీలో జ్వరము తగ్గిన దినమే మిక్కిలి మెలకువగా నుండవలసిన దినము. జ్వరము మొదలైన మూడవనాటికిని ఏడవనాటికిని నడుమ, ఒడలి వేడి దిగుచుండగా, కొందరిలో సూక్ష్మ రక్తనాళముల గోడల బిగి సడలి, రక్తములోని ద్రవభాగము వెలికి కారిపోయి, రక్తము చిక్కబడి, నాడి బలహీనమగును. ఆ కీడును తెలుపునది ప్లేట్‌లెట్ల లెక్క కాదు, రక్తపు చిక్కదనమును తెలుపు హెమటోక్రిట్. తగ్గని కడుపునొప్పి, మాటిమాటికి వాంతి, చిగుళ్ళనుండియో ముక్కునుండియో రక్తము, మగత, చేతులు కాళ్ళు చల్లబడుట, మూత్రము తగ్గుట, వీనిలో నేది కన్పట్టినను గడియసేపైన ఆగక ఆస్పత్రిలో చేరవలెను. రక్తస్రావము లేనివారికి ప్లేట్‌లెట్లు పదివేలకు దిగనంతవరకు వానిని ఎక్కించుటవలన లాభమున్నట్లు ఋజువు లేదు. సంఖ్యను చూచి బెదరి, రక్తనిధుల చుట్టును తిరుగు బంధువుల పరుగు చూచినప్పుడెల్ల నాకు మనస్తాప మగుచున్నది. బొప్పాయి యాకు రసము ప్రాణము నిలుపునని నిశ్చయముగా చెప్పదగిన ఆధారము లేదు. దానివలన వాంతులగుచున్నచో వెంటనే మానుడు. జ్వరమునకు పారాసిటమాల్ మాత్రమే వాడవలెను; ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ సూదిమందు, ఇవి రక్తస్రావమును పెంచును.

ఇంకొక మాట. వానకాలపు జ్వరమెల్ల డెంగీ కాదు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నది మన సికిందరాబాదులోనే. ఆ మలేరియా నేటికిని మన్యసీమలను విడువలేదు. పొలములలో, పొదలలో తిరుగువారికి నల్లికంటె చిన్నదగు పురుగు కుట్టుటచే వచ్చు స్క్రబ్ టైఫస్ మరియొకటి. చంకలోనో, గజ్జలోనో, నడుముపట్టీ క్రిందనో చుట్టతో కాల్చినట్లు నల్లని పొక్కు దాని గుర్తు. నొప్పి యుండదు గనుక రోగి చెప్పడు, బట్టలు తొలగించి చూచిన వైద్యునికే అది కన్పట్టును. అట్టి రోగికి తొలినాడే ఊరుపేరు లేని సూదిమందులు పొడుచుటవలన వ్యాధినిర్ణయము చెడుటయే గాని వేరు ఫలము లేదు. డాక్సిసైక్లిన్ మాత్రలు పడినచో తరచుగా రెండు దినములలో జ్వరము దిగును. గర్భిణులకు మాత్రము వేరు మందు వాడుదురు. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధనకు నాయకత్వము వహించుచుండగా 1948లో వెలువడిన ఆరియోమైసిన్ అను ఔషధపు కుటుంబమునకు చెందినదే ఈ డాక్సిసైక్లిన్. ఇంత చౌక మందు అందుబాటులో నుండగా, ఆ పొక్కును చూడకపోవుటవలన మనిషి పోవుట సహింపరాని విషయము.

ప్రశ్న: వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు సెలైను ఎక్కిస్తేనే గాని నీరసం తగ్గదా?
— ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: త్రాగగలిగినవానికి సెలైను అక్కరలేదు. చక్కెరయు ఉప్పును తగిన పాళ్ళలో కలిసి పేగును చేరినప్పుడు, రెండును జతగా లోనికి పోవుచు తమతో నీటిని లాగికొని పోవును. 1971లో బంగ్లాదేశపు శరణార్థులు నిండిన బన్‌గావ్ శిబిరములో కలరా చెలరేగి, సెలైను సీసాలు నిండుకొనగా, దిలీప్ మహలనబీస్ అను వైద్యుడు ఈ నీటితోనే వేలమందిని బ్రతికించెను. ఓ.ఆర్.ఎస్. పొట్లము దొరకనిచో, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో తలగొట్టి కొలిచి కలుపుడు. ఉప్పు హెచ్చరాదు. ఉప్పు వేసిన గంజియు మంచిదే. నీరు కడుపులో నిలువకున్నను, ఆరుగంటలు మూత్రము రాకున్నను, విరేచనములో రక్తము పడినను, మనిషి మగతగా నున్నను ఆస్పత్రికి పోవలెను.

ప్రశ్న: మామయ్యగారికి పొద్దున్నే మూతి వంకరపోయి, కుడిచెయ్యి పడిపోయింది. మా ఊళ్ళో పక్షవాతానికి పావురం రక్తం రాస్తారు. అది రాయించి, బి.పి. మాత్ర వేసి, మర్నాడు పట్నానికి తీసుకుపోయాము. తప్పు చేశామా?
— ఒక కోడలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: తల్లీ, తెలియక చేసితిరి. పక్షవాతము చేతిలోనిది కాదు, మెదడులోనిది. రక్తనాళము పూడినదో చిట్లినదో సి.టి. స్కాన్ తీయక దేవుడైనను చెప్పజాలడు. రెంటికిని వేర్వేరు చికిత్సలు. అందుచేత ఇంటివద్ద ఆస్పిరిన్ వేయరాదు, రక్తపోటును దింపు మాత్ర వేయరాదు, మ్రింగుట దెబ్బతిని యుండవచ్చును గనుక నోట నీరైనను పోయరాదు. పూడిన నాళమును తెరచు మందు సామాన్యముగా నాలుగున్నర గంటలలోపల పడవలెను. ఆ కాలము మీరు చూచిన క్షణమునుండి గాక, రోగి కడసారి స్వస్థుడుగా కన్పట్టిన వేళనుండి లెక్కింపబడును. మూతి వంకర, చేయి వ్రాలుట, మాట తడబాటు, ఈ మూటిలో ఒక్కటి చూచినను సి.టి. స్కాన్ ఉన్న ఆస్పత్రికే నేరుగా రండు. రోగి కడసారి స్వస్థుడుగా నున్న వేళను ఒక కాగితముపై వ్రాసి మీతో తీసికొని రండు.