కర్పూర తీసేసి గ్రాండ్ నైన్ వేయాలా?

ప్రశ్న: మా కర్పూర అరటి కాయ పొట్టిగా, పక్క తోటలో గ్రాండ్ నైన్ కాయ జానెడు పొడవుగా ఉంది. రకం మార్చమంటారా?
– ఒక రైతు, కోనసీమ

జవాబు: తొందరపడకండి. కాయ పొడవు రకం లక్షణం. ఎంత ఎరువు వేసినా కర్పూర గ్రాండ్ నైన్ అంత సాగదు. గ్రాండ్ నైన్ గెల బాగా సాగితే 25–30 కిలోలు తూగుతుంది. నీరు, ఎరువు ఒక్క విడత తప్పినా కాయ సన్నబడిపోతుంది. కర్పూర గెల తూకంలో తగ్గినా, మొండి రకం. దూరప్రయాణానికీ ఆగుతుంది. తెల్ల చక్కెరకేళి గెల ఇంకా చిన్నది, కానీ రుచికి మంచి ధర పలుకుతుంది. అందుకే ఎకరా రాబడిని లెక్కగట్టి పోల్చండి, కాయను కాదు. నా మాటగా, ముందు అరెకరంలో గ్రాండ్ నైన్ వేసి చూడండి.

ఈలోగా ఉన్న తోటలోనే కాయ ఊరేలా చూడొచ్చు. గెల వేసేదాకా పిలకలు కోసేయండి. ఆఖరి అత్తం విచ్చుకున్నాక మగపువ్వు తుంచండి. లీటరు నీటికి 5 గ్రాముల పొటాషియం నైట్రేట్ కలిపి గెలంతా తడిసేలా రెండుసార్లు పిచికారీ చేయండి.

అడుగాకులు పసుపుబారి, కాండం మొదట్లో చీలి, కోస్తే లోపల ఎర్రగోధుమ చారలు కనిపిస్తే అది పనామా తెగులు. ఆ తోట పిలకలు ఎవరికీ ఇవ్వకుండా, వెంటనే కొవ్వూరు ఉద్యాన పరిశోధన స్థానంలో చూపించండి.