సెల్‌ఫోనులో బొమ్మల బడి

పెదకాకానిలో ఒక అక్క ఉందనుకుందాం. ఆమెకు చీరల మీద రంగులతో పూలు, లతలు వేయడం వచ్చు. ఇంటి వసారాలో చాప పరిచి, పదిమంది పిల్లలకు ఆ పని నేర్పుతుంది. ఆ ఫీజుల మీదే ఇల్లు నడుస్తుంది.

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. కరోనా భయంతో ఎవరూ గడప దాటలేదు. బొమ్మలు, పాట, కూచిపూడి నేర్పే గురువుల ఇళ్లన్నీ బోసిపోయాయి. అప్పుడు చాలామంది సెల్‌ఫోను ముందు కూర్చుని పాఠం చెప్పారు. జబ్బు తగ్గినా ఆ పద్ధతి నిలిచింది. అమెరికాలోని తెలుగు పిల్లలు కూడా ఇక్కడి గురువుల దగ్గర నేర్చుకుంటున్నారు. మనకు ఉదయం ఆరున్నర అయితే న్యూయార్కులో ముందురోజు రాత్రి ఎనిమిదో, తొమ్మిదో అవుతుంది.

మరి మన అక్క ఎట్లా మొదలుపెట్టాలి?

బొమ్మ నేర్పేటప్పుడు మొహం కాదు, చెయ్యి కనపడాలి. రెండు పక్కల పుస్తకాలు ఎత్తుగా పేర్చండి. వాటి మీద అడ్డంగా బల్లముక్క పెట్టండి. ఫోను కన్ను కిందికి చూసేటట్టు దాని మీద పెట్టండి. కుడిచేత్తో గీసేవాళ్లు కిటికీని ఎడమ పక్కకు ఉంచుకోవాలి. అప్పుడు చేతి నీడ బొమ్మ మీద పడదు.

పాఠం రెండు విధాలుగా చెప్పవచ్చు. ఒకటి, అందరూ ఒకే సమయానికి ఫోనులో కలవడం. జూమ్‌లో డబ్బు కట్టకుండా 40 నిమిషాలు కలవవచ్చు. రెండోది, పాఠాన్ని వీడియో తీసి వాట్సాప్‌లో పంపడం. ఇంట్లో ఒకటే ఫోను ఉంటే అది పగలు నాన్నతో పొలం పోతుంది. ఆ పిల్ల రాత్రి వీడియో చూసి నేర్చుకుంటుంది. మిరప కోతల రోజుల్లో తల్లులకూ ఇదే వీలు.

అన్నీ ఫోనులో రావు. శ్రీకాళహస్తి కలంకారీనే చూడండి. వెదురు కలానికి ఉన్ని చుట్టి, రంగులో ముంచి గీస్తారు. ఉన్నిని ఎంత నొక్కితే ఎంత రంగు దిగుతుందో చేతికే తెలుస్తుంది. అందుకే దగ్గర పిల్లల్ని ఆదివారం వసారాకు రమ్మనాలి. చెయ్యి పట్టి దిద్దాలి. ఫోను లేని పిల్లలు కూడా ఆ రోజు వస్తారు. ఫోను లేదని ఏ పిల్లనూ వదలకూడదు.

ఇక డబ్బు సంగతి. ఫీజు ఫోన్‌పేలోనో, గూగుల్‌పేలోనో వస్తుంది. ఇక్కడే జాగ్రత్త కావాలి. "నేను మిలిటరీలో పనిచేస్తున్నాను. మా పాపను చేర్చుకోండి. ఫీజు పంపుతున్నాను, పిన్ నంబరు కొట్టండి" అని ఎవరో ఫోను చేస్తారు. పిన్ కొట్టారా, మీ ఖాతాలో డబ్బు పోయినట్టే. అక్కలారా, ఒక్క మాట గుర్తుంచుకోండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. మనం డబ్బు ఇవ్వడానికే పిన్ కావాలి. ఓటీపీ కూడా ఎవరికీ చెప్పవద్దు. మోసపోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ.

చదువు రాని రోజుల్లో కాగితం చదవకుండా వేలిముద్ర వేశాం. పొలాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఇప్పుడు మనకు చదువు వచ్చింది. ఫోను మీద ఉన్న మాట చదవకుండా దాని మీద వేలు పెట్టవద్దు.

కొత్త మాటలు
పిన్ : మన ఖాతాకు తాళంచెవి లాంటి రహస్య నంబరు.
ఓటీపీ : ఒక్కసారికే పనికొచ్చే రహస్య నంబరు.
ఖాతా : బ్యాంకులో మన పేరున ఉండే లెక్క.

చదివి చెప్పండి
1. కిటికీ ఎడమ పక్క ఎందుకు ఉండాలి?
2. ఆదివారం పిల్లల్ని ఇంటికి ఎందుకు రమ్మనాలి?
3. పిన్ నంబరు ఎప్పుడు కావాలి? ఎప్పుడు అక్కర్లేదు?

లెక్క చేయండి
ముందు 10 మంది పిల్లలు నెలకు 300 రూపాయల చొప్పున ఇచ్చేవారు. ఇప్పుడు ఫోనులో 8 మంది 250 చొప్పున, ఆదివారం వచ్చే 4గురు 150 చొప్పున ఇస్తున్నారు. ఫోను రీచార్జికి 300 ఖర్చు. అక్కకు ఎంత తగ్గింది? ఫోను పాఠంలో ఇంకా ఎంతమంది చేరితే ఆ లోటు తీరుతుంది?

మాట్లాడుకోండి
మీలో ఎవరికి ఏ పని వచ్చు? అందులో ఫోనులో నేర్పగలిగింది ఎంత? పక్కన కూర్చుని నేర్పాల్సింది ఎంత?