మిశ్రమ లోహములు

శుద్ధమైన ఇనుము మెత్తనిది. నూటికి 2 పాళ్లకు లోపుగా కర్బనము చేరినచో అది ఉక్కగును. అంతకు మించినచో పోత ఇనుమగును. పోత ఇనుము ఒత్తిడిని చక్కగా భరించును గాని, లాగుడునకు తాళలేక పెళుసుగా విరుగును. దూలముపై బరువు పడినపుడు దాని అడుగు భాగము లాగబడును. 1847వ సంవత్సరమున ఇంగ్లండులోని చెస్టరు నగరమునొద్ద, డీ నదిపై రైలుబండి పోవుచుండగా వంతెన యొక్క పోత ఇనుప దూలము విరిగెను. పెట్టెలు నదిలో కూలి ఐదుగురు మరణించిరి.

ఉక్కునకు తుప్పు శత్రువు. 1913లో షెఫీల్డు నగరమున హ్యారీ బ్రియర్లీ ఉక్కులో నూటికి సుమారు 13 పాళ్లు క్రోమియము చేర్చి, తుప్పును నిరోధించు ఉక్కును తయారుచేసెను. క్రోమియము ఆమ్లజనితో కూడి, కంటికి కానరాని పొరయై లోహమును కాపాడును.

ఇనుము ప్రధానముగా లేని మిశ్రమములును గలవు. రాగితో తుత్తునాగము కలిసిన ఇత్తడియగును. తగరము కలిసిన కంచగును. కంచు అరుగుదలకు ఓర్చును గనుక యంత్రములలో ఇరుసులు తిరుగుచోట దానిని అమర్చుదురు. అల్యూమినియము తేలికయైనను మెత్తనిది. నూటికి సుమారు 4 పాళ్లు రాగియు, కొద్దిగా మెగ్నీషియమును చేర్చి, కాచి, నీటిలో చల్లార్చి కొన్ని దినములుంచినచో అది తనంతట గట్టిపడును. ఇదియే విమాన నిర్మాణమునకు తోడ్పడిన డ్యూరాలుమిన్.

లోహము యొక్క బలమునే గాక బలహీనతను గూడ ఇంజనీరు ఎరుగవలెను. వంతెన దాటువారి ప్రాణములు ఆ ఎరుకపై ఆధారపడియున్నవి.