బాగా మాట్లాడుతుందని సైకాలజీలో చేర్చకండి

"మా అమ్మాయి అందరితో బాగా మాట్లాడుతుందండీ. స్నేహితులకు ఏ కష్టం వచ్చినా దీని దగ్గరికే వస్తారు. అందుకే వెల్‌నెస్ కోర్సు చేయించాం." పోయినేడాది నా ఎదురుగా కూర్చుని ఒక తండ్రి అన్న మాట. బీకాం పూర్తిచేసిన కూతురు ఫైల్లోంచి బంగారు అంచు సర్టిఫికెట్ తీసి బల్లమీద పెట్టింది. 'కార్పొరేట్ వెల్‌నెస్ కోచ్'. పన్నెండు శనివారాలు, ఆన్‌లైన్‌లో. ఫీజు అరవై వేలు, ఈఎంఐల మీద. ఆరు నెలలైనా ఒక్క ఇంటర్వ్యూ కాల్ రాలేదు. ఇన్‌స్టిట్యూట్‌ను అడిగితే 'లెవెల్ టూ' చేస్తేనే ఉద్యోగం అన్నారట. దానికి ఇంకో నలభై వేలు.

ఆ నలభై వేలు కట్టొద్దని ముందే చెప్పేశాను. తర్వాత అమ్మాయిని ఒక్కటే అడిగాను: "ఒక కాల్‌సెంటర్‌లో రాత్రి షిఫ్టు వాళ్లు చేరిన నెలకే మానేస్తున్నారు. కారణం కనుక్కోమని నిన్ను పిలిచారు. ఏం చేస్తావమ్మా?"

"మెడిటేషన్ సెషన్ పెడతాను సర్."

తప్పు ఆ పిల్లది కాదు. ఆమెకు నేర్పింది అదే.

నేను దగ్గరగా చూసిన ఒక కంపెనీలోనూ అదే చేశారు. రాత్రి షిఫ్టు వాళ్ల కోసం ఉదయం పదకొండింటికి యోగా క్లాసు. తెల్లవారుజామున నాలుగున్నరకు లాగవుట్ అయి, క్యాబ్‌లో నలుగురినీ దింపుకుంటూ ఆరున్నరకు ఇల్లు చేరిన కుర్రాడికి పదకొండంటే నడిరాత్రి. రావడం లేదేమని మెయిళ్లు మొదలయ్యాయి. యోగా కూడా ఒక టార్గెట్ అయి కూర్చుంది. అక్కడ చూడాల్సింది క్యాబ్ రూటు. బ్రేక్ ఎప్పుడో తేల్చేది మనిషా, స్క్రీనా? వారపు సెలవు ఏ రోజో ఎంత ముందు తెలుస్తోంది?

ఉద్యోగుల మానసిక క్షేమాన్ని చదివే శాస్త్రం అసలు పట్టించుకునేది ఇలాంటివే. పని భారం ఎక్కువుండి, దాన్ని ఎలా చేయాలో తేల్చుకునే వీలు తక్కువైతే మనిషి నలిగిపోతాడని రాబర్ట్ కరాసెక్ 1979లో సూత్రీకరించాడు. బ్రిటన్ ప్రభుత్వోద్యోగులపై మైకేల్ మార్మట్ బృందం చేసిన వైట్‌హాల్ అధ్యయనాల్లో గుండెజబ్బులు పెద్ద అధికారుల కంటే కింది స్థాయి ఉద్యోగుల్లోనే ఎక్కువగా కనిపించాయి. 'బర్న్‌అవుట్'ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో జబ్బుగా కాదు, ఉద్యోగానికి సంబంధించిన స్థితిగా వర్గీకరించింది. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ఆ సంస్థే అంతర్జాతీయ కార్మిక సంస్థతో కలిసి 2021లో లెక్కతేల్చింది. ఇవి తెలిసినవారు ముందు షిఫ్టు చార్టు అడుగుతారు.

కాబట్టి తల్లిదండ్రులారా, పిల్లలో చూడాల్సింది మాటకారితనం కాదు. ఎదుటివాళ్లు చెప్పేది అడ్డుపడకుండా వింటుందా? విన్నది మేనేజర్ ఎంత గుచ్చి అడిగినా బయటపెట్టకుండా ఉండగలదా? సెలవుల రిజిస్టరు, రాజీనామాల పట్టిక ముందేసుకుని లెక్క కట్టే ఓపిక ఉందా? స్టాటిస్టిక్స్ లేకుండా ఈ రంగంలో అడుగు పడదు. శనివారం కోర్సులు దాచిపెట్టేది సరిగ్గా ఈ సంగతే.

నా మొగ్గు రెగ్యులర్ పీజీ వైపే. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో సైకాలజీ విభాగాలున్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హెల్త్ సైకాలజీ ఉంది. అర్హతలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, నోటిఫికేషన్ చూసుకోండి. దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో సైకాలజీ కోర్సులు నడపొద్దని యూజీసీ 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి ఆపేసింది. ఇంట్లో కూర్చునే ఎమ్మెస్సీ సైకాలజీ చేయిస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే అక్కడే పెట్టేయండి. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ కావాలి. పన్నెండు శనివారాలకు అది రాదు.

నాకు ఇంకా ఇష్టమైన దారి ఒకటుంది, దాన్ని మనవాళ్లు తలెత్తి కూడా చూడరు. సోషల్ వర్క్‌లో పీజీ చేసి ఫ్యాక్టరీలో కార్మిక సంక్షేమ అధికారిగా చేరడం. పెద్ద ఫ్యాక్టరీల్లో ఈ అధికారి ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కాలం నుంచీ నిబంధన ఉంది. క్యాంటీన్లో భోజనం, బాత్రూముల శుభ్రత, పాలిచ్చే తల్లికి విరామం, షిఫ్టు గొడవలు. రెండేళ్లు అక్కడ తిరిగినవాళ్లకు మనిషి ఎక్కడ అలిసిపోతాడో కళ్లతో చూసి తెలుస్తుంది.

జీతం సంగతి దాచను. మొదట్లో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలతో పోటీ లేదు. చాలామంది హెచ్‌ఆర్ విభాగంలో చిన్న ఉద్యోగంతోనే మొదలుపెడతారు. అలాగని "ముందు బీటెక్ చెయ్యి, తర్వాత నీ ఇష్టం" అనకండి. ఆ మాట నమ్మి నాలుగేళ్లు బ్యాక్‌లాగులు మోసి, మనిషి సగమై నా దగ్గరికొచ్చే పిల్లల్ని చూడలేకపోతున్నాను. పని ఒత్తిడిని చదవాలనుకున్న పిల్లకు ఇంట్లోనే ఆ ఒత్తిడి పెట్టడం నాకు అసలు మింగుడుపడదు.

ఆ అమ్మాయి ఇప్పుడు పీజీ ప్రవేశ పరీక్షకు చదువుతోంది. పాత కోర్సు ఈఎంఐలు ఇంకా మూడున్నాయి. మొన్న వాళ్ల నాన్న ఫోన్ చేసి, "చిన్నప్పట్నుంచీ లెక్కలంటే భయం సర్ దానికి, స్టాటిస్టిక్స్ చేయగలదా?" అన్నారు. పదో తరగతి లెక్కల పుస్తకంలో సగటు, మధ్యగతం ఉన్న పాఠం తీసి, తన కాలేజీ హాజరు పట్టీ మీదే కట్టి చూడమన్నాను. అమ్మాయి ఆదివారం పట్టుకొస్తానంది.