దక్షిణాఫ్రికా రాజ్యలాంఛనము

రూపాయి నాణెముమీది సింహములను మీరు దినదినము చూచుచున్నారు గదా. ప్రతి దేశమునకును ఇట్టి లాంఛన మొకటి యుండును. ఒక దేశము తన లాంఛనమును మార్చుకొనిన యెడల బొమ్మ మాత్రమే మాఱినదా, మఱియేమైన మాఱినదా? దక్షిణాఫ్రికా చరిత్రనుబట్టి దీనిని విచారింతము.

కేపు, నేటాలు, ట్రాన్స్‌వాలు, ఆరెంజి ఫ్రీస్టేటు అను నాలుగును కలసి 1910వ సంవత్సరమున ఒక్క రాజ్యమాయెను. ఆ యేడే ఐదవ జార్జి చక్రవర్తి దానికి లాంఛనము నొసగెను. డాలును నాలుగు భాగములు చేసి, ఒకదానియందు లంగరు పట్టిన స్త్రీని, ఒకదానియందు పరుగెత్తు అడవి మృగములను, ఒకదానియందు నారింజచెట్టును, ఒకదానియందు బోయరుల వలసబండిని చిత్రించిరి. పైన నొక యెఱ్ఱసింహము నాలుగు కఱ్ఱల కట్టను పట్టుకొని యుండెను. క్రింద "ఐకమత్యమువలన బలము" అని లాటినులో వ్రాసిరి. మాట మంచిదే. కాని ఆ ఐకమత్యము ఎవరిది? దేశమున మిక్కిలి యెక్కువమందియైన నల్లవారికి ఆ డాలుమీద చోటు లేదు. 1860 మొదలు చెన్నపట్టణపు రేవున ఓడలెక్కి నేటాలు చెఱకుతోటలకు పోయిన మన తెలుగు కూలీలకును లేదు.

1994లో జాతిభేదము లేక ఎల్లరును ఓటు వేసిరి. జెండా ఆ యేడే మాఱెను. లాంఛనము మాత్రము మఱి యారేండ్లు పాతదియే నిలిచెను. 2000 ఏప్రిలు 27వ తేదీన క్రొత్తది వెలువడెను. అందు ఉదయించు సూర్యుడు, రెక్కలు విప్పిన సెక్రటరీ పక్షి, ఏనుగు దంతములు, గోధుమ కంకులు కలవు. ఈటెయు గుదియయు నిలువక పండుకొని యున్నవి. అది శాంతికి గుర్తు. డాలునందు ఒకరికొకరు నమస్కరించుకొను ఇద్దఱు మనుష్యులున్నారు. పూర్వము శాన్ జాతివారు రాతిమీద వ్రాసిన చిత్రమునుండి ఆ రూపము గ్రహింపబడినది.

అన్నిటికంటె విచారింపదగినది క్రింది వాక్యము. దాని యర్థము "భిన్నజనులు ఏకమగుదురు గాక" యని. అది శాన్ జాతిలో ఒక తెగయైన ఖామ్ జనుల భాష. అందు నాలుకతో చేయు చప్పుళ్లే అక్షరములు. జాలిపడునప్పుడు మన ముసలమ్మలు చేయు "చ్చు చ్చు" చప్పుడొకటి, బండివాడు ఎద్దులనదలించునప్పుడు బుగ్గప్రక్క చేయునది మఱియొకటి. తరగతిలో చేసి చూపగా పిల్లలు నవ్విరి. నాకును సరిగా పలుకలేదు, నిజము చెప్పవలెను గదా.

ఆ భాషను మాటలాడువా రొక్కరును నేడు లేరు. అప్పటి పదునొకండు అధికారభాషలలో దేనికిని పెద్దపీట వేయకుండుటకు ఇది తగిన యుపాయమే. ఐనను, బ్రదికియున్నప్పుడు తఱిమివేసి, నశించిన పిమ్మట గౌరవించుట యేమి గౌరవమని కొందఱడుగవచ్చును. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. లాటినును కూడ నేడెవరు మాటలాడుదురని బదులు చెప్పిన చాలదు. లాటిను మాటలాడినవారిని ఆ నేలమీద నెవరును వేటాడలేదు.

ఆ భాషను మనకు మిగిల్చినవి ముఖ్యముగా కొన్ని నోటుపుస్తకములు. 1870 ప్రాంతమున కేప్‌టౌనులో విల్‌హెల్మ్ బ్లీక్ అను జర్మను పండితుడును, ఆయన వదినె లూసీ లాయిడును వానిని వ్రాసిరి. వారికి కథలు చెప్పినవారిలో పలువురు ఖామ్ ఖైదీలు. పశువులను దొంగిలించిరని శిక్షపడినవారును అందు కలరు. ఆ దేశపు ప్రభుత్వ పత్రములమీద నేడు అచ్చుపడుచున్నవి వారి భాషలోని మాటలే.